ఆసుపత్రి గడియారంలో రెండుంబావు

మేము సింగపూర్‌లో దిగిన రోజు భాద్రపద బహుళ సప్తమి. నాన్న చక్రాల కుర్చీ అన్నయ్య చేతికి అప్పగిస్తూ ఆ మాటే అన్నాను.

"శుక్రవారం అని చెప్పొచ్చుగా సిద్ధాంతిగారూ," అన్నాడు.

అమ్మ పోయిన పన్నెండో రోజు కర్మ అయ్యాక అతను నాతో నేరుగా అన్న మొదటి మాట అది. మధ్యలో నాలుగేళ్ళ మూడు నెలలు గడిచాయి.

సిద్ధాంతి అన్నది వెక్కిరింపు. నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. మా జిల్లాలో ఒక చక్కెర మిల్లులో చెరకు బళ్ళు తూచే కాటా దగ్గర ముప్పై ఒక్కేళ్ళుగా పని చేస్తున్నాను. పంచాంగ గణితం నాకు ఎవరూ నేర్పలేదు. పాత పుస్తకాల దుకాణాల్లో దొరికిన పంచాంగాలు ముందేసుకుని, ఘడియలూ విఘడియలూ గంటల్లోకి మార్చుకుంటూ, తప్పులు చేసి దిద్దుకుంటూ నేర్చుకున్నాను. అన్నయ్య ఇంజనీరింగ్ చదివాడు. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. పుంగ్గోల్‌లో పదమూడో అంతస్తులో అతని ఫ్లాట్. అతని దృష్టిలో నాది పిచ్చి. నా దృష్టిలో అతనిది ఇంత చదువూ చదివి ఒక లెక్క చూడలేని బద్ధకం.

గొడవంతా తాత తద్దినం గురించి.

తాత, అంటే నాన్న వాళ్ళ నాన్న, ఈ ఊళ్ళోనే పోయాడు. మలయాలో ఒక రబ్బరు తోటలో కంపౌండరుగా చేసేవాడు. సెలవు మీద ఊరొచ్చి, నాన్న పుట్టిన ఆరో నెలలో మళ్ళీ ఓడెక్కాడు. తర్వాత యుద్ధం వచ్చింది, ఈ ఊరు జపాన్ వాళ్ళ చేతికి పోయింది, ఉత్తరాలు ఆగిపోయాయి. యుద్ధం ముగిశాక, తాతతో కలిసి పనిచేసిన మన వైపు మనిషి ఒకాయన కార్డు రాశాడు. జ్వరంతో సింగపూర్ ఆసుపత్రిలో చేర్చామనీ, ఫలానా తారీఖున పోయాడనీ, తను మంచం పక్కనే ఉన్నాననీ రాసి, చివర్లో ఇంకో వాక్యం చేర్చాడు: 'అప్పటికి ఆసుపత్రి గోడ గడియారంలో పగలు రెండుంబావు అయినది.'

ఆ తారీఖు చూసి మా ఊరి పంతులుగారు దశమి అన్నారు. నాన్న ఏడో ఏట మొదలుపెట్టి అరవై ఆరేళ్ళు దశమినాడే తద్దినం పెట్టాడు.

పన్నెండేళ్ళ కిందట ఆ కార్డు నా చేతికొచ్చింది. ఆ సంవత్సరపు పంచాంగం వెతికి పట్టుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది. అందులో ఆ రోజు దశమి పదమూడు ఘడియల నలభై అయిదు విఘడియలే ఉంది. అరవై విఘడియలు ఒక ఘడియ, ఘడియకి ఇరవై నాలుగు నిమిషాలు. మా ఊళ్ళో ఆ వేళప్పుడు పొద్దు పొడిచేది అయిదూ యాభైకి. అంటే ఉదయం పదకొండూ ఇరవైకి దశమి అయిపోయి ఏకాదశి వచ్చేసింది. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ రెండుంబావు అంటే మనకి పదకొండూ నలభై అయిదు. కాబట్టి తాత పోయింది ఏకాదశి వచ్చిన ఇరవై అయిదు నిమిషాలకి. పంతులుగారు పొద్దున్న ఉన్న తిథి చూసి చెప్పేశారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

"మరి ఇన్నేళ్ళూ నాను పెట్టిందేటి?" అన్నాడు నాన్న.

"తప్పు రోజు పెట్టావు నాన్నా," అన్నాను. అంత సూటిగానే అన్నాను. లెక్క తేలిన ఉత్సాహంలో ఉన్నాను.

నాన్న కాసేపు కార్డు వైపు చూసి, "నువ్వు లెక్క తెలిసినోడివి," అని ఊరుకున్నాడు. ఆ ఏడు నుంచి మా ఇంట్లో ఏకాదశి. అమ్మ పెళ్ళి నాటి నుంచీ ఏకాదశి ఉపవాసం తప్పని మనిషి. "నోట్లో పచ్చి మంచినీళ్ళు పోసుకోని రోజున నా సేత గారెలు ఏయిస్తన్నావు గదరా," అంటూనే ఏడేళ్ళు వేసి, పోయింది.

అన్నయ్య ఒప్పుకోలేదు. నాలుగు పేజీల లెక్క రాసి పంపితే దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. ఫోన్ చేసి, "అరవై ఆరేళ్ళు పెట్టిన చేతికి తప్పని చెప్పడానికి నువ్వెవడివిరా?" అన్నాడు. ఆ ఏడాది నుంచి పంతం పట్టి దశమినాడు పుంగ్గోల్‌లో తాత పేరు మీద విస్తరి వేయడం మొదలుపెట్టాడు. అది తద్దినం కాదు. తండ్రి బతికుండగా తాతకి తద్దినం పెట్టే అధికారం మనవడికి లేదు. అయినా వేసేవాడు.

"అక్కడ పక్షులకి మేత వేయకూడదంట కదా. ముద్ద ఎవరికి పెడుతున్నావు?" అని ఒకసారి ఫోన్‌లో అడిగాను.

"మేమే తింటాం."

"అయితే కాకివి నువ్వేనన్నమాట."

ఫోన్ పెట్టేశాడు. తర్వాత మేము అమ్మ పోయినప్పుడే కలిశాం. ఆ పన్నెండు రోజులూ అవసరమైన రెండు మూడు మాటలే మాట్లాడుకున్నాం.

ఈ ఏడు నాన్నే కదిలాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి, రెండు చేతులూ వణుకుతాయి. పదకొండేళ్ళుగా తద్దినంలో నువ్వులూ నీళ్ళూ వదిలేటప్పుడు ఆయన చెయ్యి కింద నా చెయ్యి పెట్టి పట్టుకుంటున్నాను. "మా నాన్న పోయిన ఊళ్ళో ఒక్కసారి పెట్టి వొస్తాను. ఇద్దరూ నా పక్కనుండాల. ఒక్క రోజే పెడతాను. దశమో ఏకాదశో మీరే తేల్చండి. తేల్చకపోతే అసలు పెట్టను," అన్నాడు. ఇలాంటి మాట అని వెనక్కి తీసుకోవడం ఆయనకి అలవాటు లేదు. సోమవారం దశమి, మంగళవారం ఏకాదశి. తేల్చడానికి మాకు రెండు రోజులు ఉన్నాయి.

వదిన ఆ రెండు రోజులకీ ఊరు చూపించే కార్యక్రమం రాసి ఫ్రిజ్ మీద అంటించింది. "సోమ, మంగళ రెండు రోజులకీ పంతులుగారిని అడిగి ఉంచాను మరిదిగారూ, మీ అన్నదమ్ముల పుణ్యమా అని. ఏ రోజో చెబితే రెండోది వద్దంటాను," అంది, నా వైపు చూడకుండా కాఫీ అందిస్తూ.

ఈ ఊరు నాకు మొదటి గంటలోనే నచ్చలేదు. ఎక్కడా తప్పు దొరకలేదు. రైలు వస్తుందన్న నిమిషానికే వచ్చింది. లిఫ్టులో రాసి ఉన్న బరువుకి మనుషుల్ని లెక్క వేస్తే సరిపోయింది. అన్నయ్య ఆ ఊరంతా తనే కట్టినట్టు నడిచాడు.

శనివారం సాయంత్రం యుద్ధంలో చనిపోయిన సామాన్య జనం కోసం కట్టిన స్మారకం దగ్గరికి తీసుకెళ్ళారు. నాలుగు తెల్లటి స్తంభాలు, ఒకదాని పక్కన ఒకటి, ఆకాశంలోకి. నాలుగూ నాలుగు జాతులకంట. పాలిటెక్నిక్‌లో చదివే అన్నయ్య కూతురు చెప్పింది: "చైనీస్, మలే, ఇండియన్, అదర్స్, తాతయ్యా. దీని కింద బోన్స్ ఉన్నాయి."

"ఇందులో మనదేది?" అన్నాడు నాన్న.

అమ్మాయి తండ్రి వైపు చూసింది. అన్నయ్యకీ తెలియదు. నాలుగూ ఒకేలా ఉన్నాయి.

"ఇరవై రెండేళ్ళ నుంచి ఉంటున్నావు," అన్నాను.

"నువ్వు కొలిచి చెప్పరా. టేపు తెచ్చుకున్నావుగా," అన్నాడు.

నాన్న మా ఇద్దరినీ వదిలేసి, కుర్చీలోంచి లేచి, దగ్గరగా ఉన్న స్తంభానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు. తర్వాత రెండోదానికి, మూడోదానికి, నాలుగోదానికి కూడా ఆనించాడు. ఒక్కోదాని దగ్గర అంతే సేపు. ఏది మనదో తెలియనప్పుడు చేయగలిగింది అదొక్కటే. నాకు తట్టనందుకు కోపం వచ్చింది.

ఆదివారం నవమి. తద్దినానికి ముందురోజు ఒక నియమం ఉంది. పెట్టే మనిషీ, ఆయన చేతికి చెయ్యి అందించేవాళ్ళూ ఆ రోజు ఇంట్లో వండింది ఒక్క పూటే తినాలి, బయట తిండి ముట్టకూడదు. కాబట్టి ఆదివారం మధ్యాహ్నం ఎవరు ఏం తింటారన్నదే ఎవరు ఏ తిథి అన్నది. దశమి అయితే ఆదివారం నియమం. ఏకాదశి అయితే సోమవారం నియమం, ఆదివారం ఏం తిన్నా ఫరవాలేదు. వదిన పొద్దున్నే లేచి పప్పూ అన్నమూ రెండు డబ్బాల్లో సర్దింది, మామగారికొకటి, భర్తకొకటి. నాకు మూడోది సర్దనా అని అడగలేదు. నేనూ అడగలేదు.

ఆరు సీట్ల బండి మాట్లాడుకుని యీషున్ మీదుగా క్రాంజి వెళ్ళాం. అక్కడ గుట్ట మీద సైనికుల సమాధులు, పచ్చ గడ్డిలో తెల్ల రాళ్ళు, గీత గీసినట్టు వరసలు. పైన గోడల నిండా పేర్లు. ఒక రాతి మీద ఇరవై రెండేళ్ళు, పక్కదాని మీద ఇరవై, ఆ పక్కన పంతొమ్మిది.

"మా నాన్న పేరు ఏ గోడ మీదుందో సూడండి," అన్నాడు నాన్న.

"తాతయ్యా, ముత్తాత సోల్జర్ కాదు కదా. ఇక్కడ ఉండదు లా," అంది అమ్మాయి, మాట చివర ఈ ఊరివాళ్ళ 'లా' తగిలిస్తూ.

"సోల్జరు కాకపోతే సచ్చినోడు కాదేటి?"

నేను గోడ వైపు వెళ్ళి ఒక వరసలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పేరు దొరకదని తెలుసు. చేతులకి పనుండాలి.

"ఎన్ని?" అన్నాడు అన్నయ్య వెనక నుంచి. "చివరికి వాళ్ళ తిథులు కూడా మార్చేస్తావా?"

నేను వెనక్కి తిరిగాను. వదిన మధ్యలోకి వచ్చి, "బండి వచ్చేసింది," అంది. బండి రాలేదు. ఇంకా పన్నెండు నిమిషాలు పట్టింది. ఆ పన్నెండు నిమిషాలూ ఎండలో, ఎవరి వైపు వాళ్ళం చూస్తూ నిలబడ్డాం.

తర్వాత మ్యూజియం. ఇంగ్లీషువాళ్ళు జపాన్‌వాళ్ళకి లొంగిపోతూ సంతకాలు పెట్టిన పాత ఫ్యాక్టరీని మ్యూజియంగా మార్చారు. లోపల చల్లగా ఉంది. రేషను కార్డులు, కర్రపెండలం తిన్న రోజుల కథలు, జపాన్ వాళ్ళు అచ్చేసిన అరటిగెల బొమ్మల నోట్లు. అన్నయ్య కుర్చీ తోస్తున్నాడు, అమ్మాయి ఒక్కో పలక మీద ఇంగ్లీషు చదివి తాతకి తెలుగులో చెబుతోంది, వచ్చినంతలో. నేను వెనకగా నడుస్తున్నాను.

"తాతయ్యా, ఇది వినండి. స్కూల్లో జపనీస్ నేర్చుకోవాలి. ఊరి పేరు చేంజ్ చేసేశారు. క్లాక్స్ కూడా. మొత్తం టోక్యో టైమ్. గంటన్నర ముందుకి పెట్టేశారు. సో వియర్డ్."

"సూరుడు ఒప్పుకున్నాడా?" అన్నాడు నాన్న. అమ్మాయి నవ్వింది. కుర్చీ ముందుకి కదిలింది.

నేను కదల్లేదు.

కాటా మీదకి బండి ఎక్కించే ముందు, ఖాళీ కాటా సున్నా చూపిస్తోందో లేదో చూడాలి. అది మొదటి రోజు నేర్పే మొదటి పని. కాటా ముందే క్వింటాలు చూపిస్తుంటే ఆ తర్వాత ఎంత జాగ్రత్తగా తూచినా అన్నీ తప్పే, అన్నీ ఒకే తేడాతో. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క పూట కూడా ఆ పని మరచిపోయినవాణ్ణి కాను. తాత గడియారం దగ్గర మాత్రం చూడలేదు. ఈనాటి సింగపూర్ తేడా, రెండున్నర గంటలు, తీసుకుని ఆనాటి గోడ గడియారానికి తగిలించాను. తాత పోయేనాటికి ఆ గడియారం సింగపూర్‌ది కాదు. టోక్యోది. యుద్ధానికి ముందు ఈ ఊరి గడియారం మనకంటే రెండు గంటలే ముందుండేది; దానికి గంటన్నర కలిపితే మూడున్నర గంటలు.

రెండుంబావులోంచి మూడున్నర తీస్తే పదీ నలభై అయిదు. దశమి పదకొండూ ఇరవై దాకా ఉంది. తాత పోయేటప్పటికి దశమి ఇంకా ముప్పై అయిదు నిమిషాలు మిగిలే ఉంది.

మూడుసార్లు చేశాను. మూడోసారి ప్రవేశం టికెట్టు వెనక పెన్నుతో చేశాను. టికెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాను.

ఏమీ లెక్క వేయకుండా చెప్పిన పంతులుగారు సరిగా చెప్పారు. లెక్క ఊసెత్తకుండా కాదన్న అన్నయ్య సరిగా కాదన్నాడు. లెక్క వేసినవాణ్ణి నేనొక్కణ్ణే, తప్పినవాణ్ణీ నేనే. అప్పుడు నాకు కలిగింది పశ్చాత్తాపం అని రాస్తే అబద్ధం. నాకు కలిగింది కోపం. కార్డు రాసినాయన మీద, ఆ పలక రాసినవాళ్ళ మీద, దాన్ని చదివి వినిపించిన పిల్ల మీద. ఆ కోపంలోనే ఒక విషయం స్పష్టంగా కనిపించింది. దీన్ని పట్టుకోగలిగిన మనిషి ఈ నలుగురిలో ఎవరూ లేరు. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఏకాదశి ఏకాదశిగానే ఉండిపోతుంది.

చెప్పకూడదని నిర్ణయించుకునే బయటికి వచ్చాను.

దగ్గర్లోని హాకర్ సెంటర్‌కి వెళ్ళాం, వరసగా చిన్న చిన్న వంట దుకాణాలు, మధ్యలో అందరికీ కలిపి బల్లలు. ఆదివారం కాబట్టి జనం. అమ్మాయి ముందే పరుగెత్తి ఒక బల్ల మీద టిష్యూ కాగితాల పొట్లం పడేసి వచ్చింది. "చోప్ చేశాను. ఇంక ఎవరూ కూర్చోరు బాబాయ్," అంది. కాగితం పొట్లానికి ఉన్న మర్యాద ఇక్కడ నాకు లేదు అనుకున్నాను.

వదిన డబ్బాలు రెండూ తీసి బల్ల మీద పెట్టింది. నేను వెళ్ళి శాకాహారం దుకాణంలో రెండు పళ్ళేలు భోజనం తెచ్చాను. ఒకటి నాన్న ముందు పెట్టాను, డబ్బా పక్కనే. రెండోది నేను తినడం మొదలుపెట్టాను. ఆకలికి కాదు. ఈ రోజు నియమం లేదు, నియమం రేపు అని అందరికీ కనబడేలా తిన్నాను. తిథి ఏదో తెలిసీ తిన్నాను.

అన్నయ్య తన డబ్బా మూత తీయలేదు. నాన్న డబ్బా ముట్టలేదు, పళ్ళెమూ ముట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"తినండి మామయ్యా, మాత్రలు వేసుకోవాలి," అంది వదిన.

"ఏది తినాలో సెప్పమను. ఇద్దరూ ఒకటే మాట సెప్పాల. అప్పుడు తింటాను."

"నాన్నా, షుగర్ పడిపోతుంది," అన్నాడు అన్నయ్య.

"పడనీ."

నేను తింటూనే ఉన్నాను. పళ్ళెంలో ముప్పావు వంతు అయిపోయింది. అన్నయ్య నా వైపు చూస్తున్నాడని తెలుసు, తల ఎత్తలేదు. నాన్న ఒళ్ళో చేతుల వణుకు బల్ల అడుగుకి తగిలి వదిన డబ్బా మూత సన్నగా టకటకమంటోంది. అయిదు నిమిషాలు. బల్ల అవతల ఎవరో పళ్ళేలు తీసుకెళ్ళారు. ఏడు నిమిషాలు.

"సరే," అన్నాడు అన్నయ్య. "ఏకాదశే. మంగళవారం కూడా లీవ్ పెడతాను. పంతులుగారికి చెప్పెయ్," అని వదినతో అని, నా వైపు తిరిగాడు. "నీ లెక్క కరెక్టని కాదురా. నువ్వు నాన్నని మాడ్చి చంపేలా ఉన్నావని. గెలిచావు. పండగ చేసుకో."

తన డబ్బా పక్కకి తోసేశాడు. నాన్న ముందున్న పళ్ళెం తన వైపు లాక్కుని, నాన్నకి చూపించడానికన్నట్టు చెంచా నిండా అన్నం తీసుకుని నోటి దగ్గరికి ఎత్తాడు.

"తినకు," అన్నాను.

చెంచా ఆగింది. "ఇంకేం కావాల్రా నీకు? అడిగింది ఇచ్చాను కదా!"

"దశమే. రేపే. తింటే రేపటికి పనికిరావు."

"వేళాకోళమా?"

నేను జేబులోంచి టికెట్టు తీసి బల్ల మీద పరిచాను. అమ్మాయి చదివిన పలక సంగతి, గోడ గడియారం సంగతి, ఒక గంట తేడా, ముప్పై అయిదు నిమిషాలు, అన్నీ చెప్పాను. ఎప్పుడూ లెక్క చెప్పేటప్పుడు నాకు గొంతు దానంతటదే పెరుగుతుంది. ఆ రోజు పెరగలేదు. వదిన రెండుసార్లు "ఏంటీ?" అంది.

అన్నయ్య టికెట్టు వైపు చూశాడు. చూడ్డానికి పది సెకన్లు కూడా పట్టలేదు.

"గడియారాల సంగతి నాకు తెలుసు," అన్నాడు. "ఈ మ్యూజియంకి ఇది మూడోసారి రావడం. నీ లెక్క చూసుంటే పదకొండేళ్ళ కిందటే చెప్పేవాణ్ణి."

"చూడకపోవడం నా తప్పా? నాలుగు పేజీలు పంపాను."

"మొదటి పేజీ మొదటి లైను ఏం రాశావో గుర్తుందా? 'చదువుకున్నవాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాస్తున్నాను' అని. అక్కడే మడిచి పెట్టేశాను."

రాశాను. ఆ వాక్యం రాసి, బాగుందని రెండోసారి చదువుకున్న సంగతి కూడా గుర్తుంది.

"మీరిద్దరూ ఒక్కలాంటోళ్ళే, లెండి," అంది వదిన. అమ్మాయి ఫోన్ కింద పెట్టేసింది.

నాన్నకి లెక్క అక్కర్లేదు. లెక్కలోంచి వచ్చేది మాత్రం అందరికంటే ముందు అర్థమైంది.

"అయితే," అన్నాడు మెల్లగా, "పదకొండేళ్ళు మా నాన్న దశమినాడు ఒచ్చి, గుమ్మంలో నిలబడి, ఇస్తరి లేక ఆకలితో ఎల్లిపోయినాడన్నమాట."

అన్నయ్య నా వైపు చూశాడు. జవాబు అతని దగ్గరుంది. అతను చెప్పడని నాకు అర్థమైంది. నేనే చెప్పాలని కూర్చున్నాడు. అతని స్థానంలో నేనుంటే నేనూ అలాగే కూర్చునేవాణ్ణి.

"లేదు నాన్నా," అన్నాను. "ఆకలితో వెళ్ళలేదు. దశమినాడు ఇక్కడ అన్నయ్య పెట్టాడు. ప్రతి ఏడూ."

"నువ్వు కాదన్నావు గదా. కాకి ముట్టలేదని."

"కాకిని నేనే కదా నాన్నా," అన్నాడు అన్నయ్య. "నీ చిన్నకొడుకు ఎప్పుడో తేల్చేశాడు."

నవ్వు రాలేదు ఎవరికీ. నాన్న వదిన డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. మూత తీయలేకపోతే అమ్మాయి తీసింది. పప్పన్నం ముద్ద చేసుకుని, నోట్లో పెట్టుకోబోతూ, నా పళ్ళెం వైపు చూశాడు.

"నువ్వు తినేసినావు."

"తిన్నాను."

"గడియారం సంగతి తెలిసినాక తిన్నావా, ముందు తిన్నావా?"

అబద్ధం చెప్పొచ్చు. మ్యూజియంలోంచి ఇక్కడికి ఎంత దూరమో, నేను ఎప్పుడు లెక్క వేశానో ఆయనకేం తెలుసు.

"తెలిసినాకే."

నాన్న తల ఊపాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. "రేపు నా సెయ్యి కింద నీ సెయ్యొద్దు," అన్నాడు. "పెద్దోడు పడతాడు."

సోమవారం. తద్దినం పగలు అయిదు భాగాల్లో నాలుగో భాగంలో పెట్టాలి. దాన్ని అపరాహ్నం అంటారు. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని ఈ ఊరి సూర్యోదయం, ఈ ఊరి సూర్యాస్తమయం తీసుకుని, మధ్యనున్న కాలాన్ని అయిదుతో భాగించాను. ఈసారి గడియారం ఏ దేశానిదో ముందు చూసుకున్నాను. వదిన గారెలు వేస్తోంది. అమ్మ వేసేదానికంటే చిన్నవి. పంతులుగారు హాల్లో చాప మీద దర్భలు సర్దుకుంటున్నారు. నాన్న పీట మీద కూర్చున్నాడు. పదకొండేళ్ళుగా నేను కూర్చున్న చోట, నాన్న కుడి పక్కన, అన్నయ్య చొక్కా విప్పి కూర్చున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"టైమ్ చూసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అడిగారు పంతులుగారు.

"ఆడున్నాడు గదా, ఆడికదే పని," అన్నాడు నాన్న.

ఇంకా ఆరు నిమిషాలన్నాను. తర్వాత మూడన్నాను. తర్వాత, "అయింది, మొదలుపెట్టొచ్చు," అన్నాను.

అన్నయ్య తల తిప్పకుండానే అడిగాడు: "ఏ గడియారం ప్రకారంరా?"

"మీ వంటింటి గోడ గడియారం," అన్నాను. "నాలుగు నిమిషాలు ముందుంది. అది తీసేసే చెప్పాను."

నాన్న వణుకుతున్న చెయ్యి ముందుకి చాచాడు. అన్నయ్య తన చెయ్యి దాని కింద పెట్టాడు, కాస్త తప్పుగా, మణికట్టు దగ్గర. అక్కడ పడితే వేళ్ళ వణుకు ఆగదు. కొంచెం కిందికి, వేళ్ళ మొదళ్ళ దగ్గర పట్టాలి. పదకొండేళ్ళలో నాకు తెలిసిన సంగతి అది. నీళ్ళు మొదటిసారి పళ్ళెం బయట పడ్డాయి.

"ఇంకొంచెం కిందికి పట్టు," అన్నాను.

"తెలుసు," అన్నాడు. కానీ కిందికి పట్టాడు.